పాత కారులో చెక్క మెరవాలంటే... ఎక్కడ ఆపాలో తెలియాలి!

నా చేతిలో ఉన్నది చూశారా? అరచెయ్యంత చెక్క ముక్క. పాత బెంజ్ కారులో యాష్‌ట్రే మూత ఇది. దీన్ని బాగుచేద్దామని కూర్చుని, నేనే పాడుచేశాను. ఎలా పాడైందో, మళ్ళీ ఎలా దారిలో పడిందో రెండూ చెప్తాను. మీ ఇంట్లో పాత కారు లేకపోయినా వినండి. వీనీర్ అతికించిన టేబుల్ ఉన్నా ఇదే లెక్క.

కారు మా పెదనాన్నది. 1996 మోడల్ ఈ220. ఈ మోడల్‌కి కంపెనీ పెట్టుకున్న నంబర్ డబ్ల్యూ124. యూరప్‌లో 1984 చివర్లో వచ్చింది. మన దేశంలో 1995లో పుణెలో కట్టడం మొదలుపెట్టారు. మెర్సిడెస్ ఇండియాలో తయారుచేసిన మొదటి కారు ఇదే. పెదనాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మోకాళ్ళ నొప్పులతో డ్రైవింగ్ మానేశాక ఆరేళ్ళు ఇంటి ముందు ఎండలోనే ఉండిపోయింది. లోపల చెక్క అంతా బీటలు వారి, తెల్లగా పొరలు లేచిపోయింది. ఇచ్చేటప్పుడు ఒకటే కండిషన్ పెట్టారు: "బాగుచెయ్ రా, మార్చకు."

ముందు అసలు విషయం అర్థం చేసుకుందాం. బీటలు వారింది చాలావరకు చెక్క కాదు, దాని మీద ఉన్న లక్కర్. అడుగున ఒక గట్టి బేస్ ఉంటుంది. దాని మీద వీనీర్, అంటే కాగితంలా పల్చగా కోసిన అసలు చెక్క. మా బండిలో ఉన్నది జీబ్రానో అని పశ్చిమ ఆఫ్రికా కలప. జీబ్రాలా గీతలుంటాయి కాబట్టి ఆ పేరు. దాని మీద అద్దంలా మందంగా లక్కర్. ఎండలోని యూవీ ఆ లక్కర్‌ని పెళుసుగా చేస్తుంది. చెక్కేమో తేమకి ఉబ్బుతుంది, వేడికి ఎండి ముడుచుకుంటుంది. పెళుసైన లక్కర్ ఆ కదలికకి సాగలేదు, పగులుతుంది. అంటే చాలా కార్లలో కింద చెక్క బాగానే ఉంటుందన్నమాట.

ఇక పని. మొదట బ్యాటరీ వైర్ తీసేయండి. ఈ కారులో గేర్ చుట్టూ ఉండే చెక్క ప్లేట్‌లోనే అద్దాల స్విచ్‌లు ఉంటాయి, షార్ట్ అవ్వకూడదు. రేడియోకి కోడ్ ఉంటే బ్యాటరీ తీసేముందే రాసి పెట్టుకోండి. విప్పే ప్రతి స్క్రూకీ ఫొటో తీయండి.

తర్వాత లక్కర్ తీయడం. పొరలు ఇప్పటికే లేచి ఉంటే బ్లేడుని బాగా వాల్చి పట్టుకుని మెల్లగా గీకితే పెచ్చులుగా వచ్చేస్తుంది. హీట్ గన్ వాడొచ్చు గానీ వేడి ఎక్కువైతే వీనీర్ కింద జిగురు వదిలేస్తుంది. మిగిలిన మరకలకి 220 ఎమరీ పేపర్, తర్వాత 320, ఆఖర్న 400. ఎప్పుడూ గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గాట్లు పాలిష్ తర్వాత ఇంకా బాగా కనబడతాయి. ఎమరీని చిన్న చెక్క దిమ్మకి చుట్టి రుద్దాలి, వేళ్ళతో కాదు.

గేర్ ప్లేట్ సూపర్‌గా వచ్చింది. దాంతో నాకు ధైర్యం ఎక్కువైంది. యాష్‌ట్రే మూతకి టైమ్ ఎందుకు వేస్ట్ అని 120 ఎమరీ తీసుకున్నా. దిమ్మ కూడా లేదు, వేళ్ళతోనే. అంచు దగ్గర నాలుగుసార్లు రుద్దానో లేదో, గీతలు మాయమైపోయి చప్పటి మచ్చ ఒకటి బయటపడింది. వీనీర్ అయిపోయింది, కింద బేస్ వచ్చేసింది. వీనీర్ మందం అర మిల్లీమీటర్ అటూఇటూ అంతే. అంచుల్లో ఒత్తిడంతా ఒకే చోట పడుతుంది కాబట్టి ముందు అరిగేది అవే. ఇన్నేళ్ళు కోడ్ రాసిన చెయ్యి కదా, తప్పు జరగ్గానే అన్‌డూ వెతుక్కుంది. ఇక్కడ అది లేదు.

వేరే కారు నుంచి పాత మూత కొనేయొచ్చు. కానీ మా బండిలో ప్లేట్ మీది గీతలు మూత మీది గీతలతో కలుస్తాయి. వేరేది తెస్తే కలవవు. పైగా పెదనాన్న మాట. మా ఏరియాలో ఫర్నిచర్‌కి పాలిష్ వేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూసి, "అంచు అంటే భయం ఉండాలి బాబూ" అన్నాడు. ముందు పల్చగా ఒక క్లియర్ కోట్ వేసి ఆరనిచ్చాడు. దాని మీద మచ్చ ఉన్న చోట మాత్రం లేత రంగు అద్ది, సన్న బ్రష్‌తో ఒక్కో ముదురు గీతనీ పక్క గీతలకి కలుపుతూ గీశాడు. రెండుసార్లు నచ్చక తుడిచేశాడు. కింద కోట్ ఉంది కాబట్టి రంగు చెక్కలోకి దిగదు, తుడిస్తే పోతుంది. నేను వెతికిన అన్‌డూ ఆయన ముందే పెట్టుకున్నాడన్నమాట!

ఫినిష్‌కి ఏం వాడాలి? లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ అందంగానే ఉంటుంది. కానీ వేడికి మెత్తబడుతుంది, మన ఎండలో ఆపిన కారుకి పనికిరాదు. మేము వాడింది హార్డ్‌నర్ కలిపే పీయూ పాలిష్. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్‌లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, గుడ్డ మాస్క్ ఆపలేదు. కాబట్టి ఇంట్లో స్ప్రే చేయకండి. ఇంట్లో చేసుకునేవాళ్ళు యూవీ తట్టుకునే వార్నిష్‌ని బ్రష్‌తో పల్చగా వేసుకోండి. వాన రోజు వద్దు, తేమ లోపల చిక్కుకుంటే మసకబారుతుంది. కోట్ల మధ్య 600 ఎమరీతో తేలిగ్గా రుద్దాలి. ఆఖరి కోట్ గట్టిపడటానికి కొన్ని రోజులు వదిలేసి, 1500, 2000 ఎమరీతో తడిపి రుద్ది, కాంపౌండ్‌తో మెరుపు తేవాలి.

అన్నీ బిగించాక పెదనాన్నని కూర్చోబెట్టాను. బొటనవేలు మూత మీద పెట్టి, అంచు దగ్గర ఆగారు. "ఇక్కడ ఏదో చేశావురా." దొరికిపోయాను. జరిగింది మొత్తం చెప్పేశా. కాసేపు ఆ గీతలే చూసి, "మార్చలేదుగా, చాలు" అన్నారు.

కాబట్టి మీరు మొదలుపెట్టేముందు ఒక్కటి చేయండి. కనబడని చిన్న ముక్క మీద ప్రయత్నించండి, అంచుకి ముందే ఆపండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.