దైవకోపం స్థాయీభావమా? సంచారీభావమా? – శ్రీనాథుని వ్యాసవృత్తాంతం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
దైవం స్వభావతః కోపస్వరూపమా, ప్రేమస్వరూపమా అన్న ప్రశ్నను శ్రీనాథుని కాశీఖండ, భీమేశ్వరపురాణాలలోని వ్యాసవృత్తాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముందు అన్నం, తరువాత శిక్ష, ఆపైన ఆశ్రయం అన్న కథాక్రమంలోనే కవి సమాధానం నిక్షిప్తమై ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రీనాథుడు, వ్యాసుడు, దక్షారామం, అన్నపూర్ణ, కోపం, స్థాయీభావం, సంచారీభావం.

1. ప్రవేశిక:
గోదావరికి వరద వచ్చినప్పుడు అమ్మ కోపించిందనడం, ఆ అమ్మకే పసుపుకుంకుమలు సమర్పించడం ఈ ప్రాంతంలో పరిచితమైన విషయాలు. కోపించేదీ, కాపాడేదీ ఒకే దైవమన్న ఈ భావన సామాన్యమైనదే అయినా, దానిలో ఒక చిక్కు ఉంది. కోపమే దైవస్వభావమైతే ఆకలి, రోగం, వరద అన్నీ శిక్షలవుతాయి. అప్పుడు బాధపడేవాడు బాధతో పాటు నేరస్థుడన్న నిందను కూడా మోయవలసి వస్తుంది. కనుక ఇది కేవలం వేదాంతచర్చ కాదు. బాధితుణ్ణి సమాజం ఎలా చూస్తుందన్నది కూడా ఇందులో ఇమిడి ఉంది.

జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1917లో వెలువరించిన గ్రంథంలో, పవిత్రమైనది మనిషిని ఏకకాలంలో భయపెడుతుంది, ఆకర్షిస్తుంది అని ప్రతిపాదించాడు. అయితే ఆ రెండింటిలో ఏది మూలం, ఏది సందర్భవశాన వచ్చేది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

2. రుద్రుడు – శివుడు:
శతరుద్రీయంలో తొలి నమస్కారం రుద్రుని కోపానికే. ఆ వెంటనే భక్తుడు కోరుకునేది అతని మంగళకరమైన, ఘోరం కాని తనువును. ‘భీమ’ శబ్దానికి భయం గొలిపేవాడని అర్థం. ఆ పేరుతోనే ద్రాక్షారామంలో స్వామి మాణిక్యాంబాసమేతుడై వెలిశాడు. దక్షారామమన్న పేరు దక్షుణ్ణి తలపిస్తుంది. దక్షయజ్ఞకథలో శివుని కోపం నుండి వీరభద్రుడు పుట్టి యజ్ఞాన్ని ధ్వంసం చేస్తాడు. కానీ కథ అక్కడితో ముగియదు. శివుని అనుగ్రహంతో దక్షుడు మేషశిరస్సుతో మళ్ళీ జీవిస్తాడు. కోపానికీ, అనుగ్రహానికీ ఈ క్షేత్రనామమే స్మారకం.

3. వ్యాసవృత్తాంతం:
శ్రీనాథుడు రాజమహేంద్రవర రెడ్డిరాజ్యంతో సన్నిహితసంబంధం గల కవి. భీమేశ్వరపురాణాన్ని బెండపూడి అన్నయామాత్యునికి, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. వ్యాసుని కథ రెండింటిలోనూ ఉంది.

శివుడు పరీక్షింపదలచగా కాశిలో వ్యాసునికి భిక్ష దొరకదు. శిష్యులకు పెట్టకుండా తాను తినని వ్రతం అతనిది. ఆకలికి ఓర్చుకోలేక, మూడు తరాల వరకు కాశీవాసులకు ధనం, విద్య, మోక్షం లేకుండాపోవాలని శపింపబోతాడు. అప్పుడు అన్నపూర్ణ సామాన్యస్త్రీ రూపంలో వాకిట నిలిచి పిలుస్తుంది. ఉన్న ఊరు కన్నతల్లితో సమానమని మందలిస్తుంది. మందలించి ఊరుకోదు, శిష్యులతో సహా భోజనం పెడుతుంది. ఆ తరువాతనే శివుడు ఆగ్రహించి కాశిని విడిచి పొమ్మంటాడు. దుఃఖితుడైన మునికి దేవి దక్షారామాన్ని చూపిస్తుంది. కాశి మోక్షమిస్తే, దక్షారామం భోగమోక్షాలు రెండింటినీ ఇస్తుందన్నది భీమేశ్వరపురాణం నెలకొల్పిన మహిమ.

4. విశ్లేషణ:
ఈ కథలో గమనించవలసినవి మూడు.

మొదటిది క్రమం. ఆకలిగొన్నవాని మీద శిక్ష పడలేదు. ఆకలి తీరేదాకా శివుని కోపం ఆగింది.

రెండవది పరిమితి. వ్యాసుని కోపం ఏ పాపమెరుగని వారి మీదికి, ఇంకా పుట్టని తరాల మీదికి పాకబోయింది. శివుని కోపం తప్పు చేసినవాని దగ్గరే ఆగింది. ప్రాణాన్ని గాని, తపస్సును గాని హరించలేదు.

మూడవది పర్యవసానం. వెళ్ళగొట్టబడినవాడు చేరినది మరొక శివక్షేత్రానికే. అంటే శివుని నుండి దూరమై శివుని దగ్గరికే వచ్చాడు.

అలంకారశాస్త్రంలో క్రోధం రౌద్రానికి స్థాయి. అయితే ఒక రసానికి స్థాయియైన భావం మరొక రసంలో సంచారిగా రావచ్చునని లాక్షణికులు అంగీకరించారు. ఆ పరిభాషలో చెప్పాలంటే, ఈ వృత్తాంతంలో వాత్సల్యం స్థాయి, కోపం సంచారి. అది ఒక కారణం వల్ల పుట్టి, తన పని ముగిసి అణగిపోతుంది. వాత్సల్యమో, కథ ముగిసేదాకా నిలిచి ఉంటుంది.

5. ఆక్షేపం – సమాధానం:
ఆకలిని కల్పించినవాడు శివుడే కదా అన్న ఆక్షేపం బలమైనది. ప్రేమించేవాడు పస్తు పెట్టి పరీక్షిస్తాడా? శ్రీనాథుడు ఈ ప్రశ్నను వాదంతో తోసిపుచ్చలేదు. పరీక్ష మితిమీరిన చోట అన్నం పట్టుకొని వచ్చేది దేవియే. ఆమె శివుని అర్ధాంగి కనుక ఆ వాత్సల్యం శివునికి పరాయిది కాదు. అయినా బహిష్కారం రద్దు కాలేదన్నది కూడా గుర్తించాలి. ప్రేమ ఇక్కడ తప్పును తప్పు కాదనదు. తప్పు చేసినవానికి చోటు లేకుండా చేయదు.

6. ముగింపు:
కోపం లేని దైవాన్ని శ్రీనాథుడు చిత్రించలేదు. కోపానికి ఒక హద్దు, ప్రేమకు ముందూ వెనుకా చోటు కల్పించాడు. ఈ వృత్తాంతాన్ని క్షేత్రమాహాత్మ్యంగా మాత్రమే బోధిస్తే అందులోని నీతిదృష్టి మరుగున పడుతుంది. ఆకలిలో ఉన్నవాడు తప్పుమాట అన్నప్పుడు ముందు చేయవలసినది ఏమిటన్నదానికి అన్నపూర్ణ చేతిలోని అన్నమే సమాధానం. దైవస్వభావాన్ని నిర్ణయించడానికి తెలుగు కావ్యం చూపిన ప్రమాణం అదే.