సాగితేనే పట్టు

పొద్దున మన సందు చివర ట్రాక్టరు పోతుంటే విన్నారు కదా? ఎవరో పెనం బోర్లించి గరిటెతో కొడుతున్నట్టు ఫట్‌ఫట్‌మంటూ పోయింది. మా చిన్న మనవడు చెవులు మూసుకొని "తాతా, ఇంజన్ ఖరాబైందా?" అన్నాడు. ఇంజన్‌కు ఏమీ కాలేదు బిడ్డా. సైలెన్సర్ గొట్టానికి, ఇంజన్‌కు నడుమ మానిఫోల్డ్ అని ఓ పోత ఇనుప ముక్క ఉంటుంది. దాని బోల్టులు వదులైనయ్. ఆ సందులోంచి పొగ తన్నుకొస్తుంటే చప్పుడు. ట్రాక్టరు నడిపే పిల్లగాడు మొన్ననే బిగించాడట. "ఎంత బిగించినా ఊడుతున్నయ్ పెద్దయ్యా, ఏం దయ్యం పట్టిందో" అని నవ్వాడు. ఆ దయ్యం నాకు తెలుసు. ఇట్ల అరుగు మీదికి రండి, చెప్తా.

బోల్టు అంటే మేకులాగా గుచ్చుకొని పట్టుకుంటుందనుకుంటారు మీరు. కాదు. అవ్వ పచ్చడి జాడీ మూతికి గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేస్తుంది చూడండి, బోల్టుదీ అదే పని. సాగింది కాబట్టే పట్టుకుంటుంది. పానాతో తిప్పుతుంటే ఉక్కు కూడా సాగుతుంది, మన కంటికి కనపడదంతే. అంగుళం పొడవు బోల్టును గట్టిగా బిగిస్తే అది సాగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అంటే సన్నటి తలవెంట్రుకంత. బండిని పట్టి ఉంచేది ఆ వెంట్రుకవాసి సాగుడే! ముక్కల నడుమ పెట్టే ప్యాకింగ్ అంతమేర నలిగినా, ఆ చోట పాత తుప్పు రేకు ఒక్కటి పొడి అయినా, పట్టు మొత్తం పోయినట్టే. అందుకే పొడుగు బోల్టు మేలు. పొడుగు రబ్బరు బ్యాండు కాస్త వదిలినా ఇంకా లాగే ఉంటుంది, పొట్టిది వెంటనే జారిపోతుంది.

ఇక వేడి సంగతి. నా చిన్నతనంలో ఎడ్లబండి గిర్రకు పట్టా వేసే రోజంటే మాకు బడి గుర్తుండేది కాదు. కమ్మరి తాత ఇనుప పట్టాను గిర్ర కన్నా కొంచెం చిన్నగానే చేసేవాడు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది పెద్దదయ్యేది. నలుగురు పట్టకార్లతో ఎత్తి గిర్రకు తొడిగి నీళ్లు పోస్తే, చుయ్‌మని ఆవిరి లేచి, కర్ర కిర్రుమనేదాకా బిగుసుకునేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒక్క బోల్టు లేకుండా ఏళ్ల తరబడి పట్టేసేది ఆ ఉపాయం.

కమ్మరి తాతకు చుట్టమైన అదే వేడి మన ట్రాక్టరుకు శత్రువైంది. నాట్లకు కరిగెట చేసేటప్పుడు ఇంజన్ మీద బరువు పడితే పొగ నాలుగైదు వందల డిగ్రీల దాకా పోతుంది. నలభై సెంటీమీటర్ల మానిఫోల్డ్ అంత కాగితే రెండు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆవగింజంత అనుకోండి. దాన్ని మోసే ఇంజన్ తలకాయేమో లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి తొంభై డిగ్రీల దగ్గరే ఆగి, పెద్దగా పెరగదు. ఒకటి జరుగుతానంటది, ఇంకోటి జరగనంటది. నడుమ నలిగేది బోల్టు. పొద్దున జరిగి, రాత్రి చల్లారి వెనక్కి వచ్చి, మళ్లీ పొద్దున జరిగి... ఇది రోజూ ఉండేదే.

మన ఆలేరు స్టేషన్ పట్టాలదీ ఇదే గొడవ. 1889 నాటికే నిజాం రైలు ఈ దారిన బెజవాడ దాకా పోయింది. అప్పటి పట్టాలు పొట్టివి. ముక్కకూ ముక్కకూ నడుమ సందు వదిలేవాళ్లు. పదమూడు మీటర్ల పట్టా నలభై డిగ్రీలు ఎక్కువ కాగితే ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది మరి. రెండు ముక్కల్ని కలిపే బద్దలకు బోల్టు కన్నా పెద్ద బెజ్జం పెట్టి, జరగడానికి చోటిచ్చేవాళ్లు. మంచి మానిఫోల్డ్‌కూ అంతే, అటు చివర ఇటు చివర బెజ్జాలు కాస్త వదులుగా ఉంటాయి. ఉండాలి కూడా.

ఇంకో చిత్రం. పక్కకు జరిగితే నట్టు ఎందుకు తిరిగిపోవాలి? ఇద్దరు కలిసి బియ్యం బస్తాను ముందుకు జరుపుతున్నారనుకోండి. నువ్వు పక్క నుంచి కొద్దిగా తోసినా అది నువ్వు తోసిన దిక్కుకు కూడా మెల్లగా జరుగుతుంది. కదలకుండా ఉన్నప్పుడు నీతో అయ్యేదా? రాపిడి ఒక దిక్కున ఓడితే మిగతా దిక్కుల్లోనూ ఓడుతుంది. మరల మీద నట్టు ఎప్పుడూ దిగజారాలనే చూస్తుంటుంది, రాపిడే ఆపుతుంది. బోల్టు కింద ముక్క అటూ ఇటూ జారినప్పుడల్లా ఆ కాపలా ఓ క్షణం కునుకు తీస్తుంది. జర్మనీలో యుంకర్ అనే ఇంజనీరు 1969లో దీన్ని యంత్రం మీద ఊపి చూపించాడు. మనం నమ్ముకున్న చీలిక స్ప్రింగు వాషర్లు ఆ పక్క ఊపుకు నిలవలేదు.

మరి ఏం చేయాలంటారా? ఆ పిల్లగాడు నైలాన్ పెట్టిన లాక్‌నట్లు తెచ్చాడు, పాపం. నూట ఇరవై డిగ్రీలు దాటితే నైలాన్ మెత్తబడుతుంది. మానిఫోల్డ్ దగ్గర అది పెనం మీద వెన్నే. అక్కడ మొత్తం లోహంతో చేసిన లాక్‌నట్లో, మూల మడిచి నట్టును పట్టే రేకు వాషరో కావాలి. ఇత్తడి నట్టు ఇంకో మంచి సంగతి, ఉక్కు స్టడ్డుతో, అంటే తల లేని బోల్టుతో, కలిసి తుప్పుపట్టి అతుక్కుపోదు. ఇత్తడి అంటే జనగామ దారిలో పెంబర్తి గుర్తొస్తుంది. అక్కడి పనివాళ్లు రేకును కొడుతూ కొడుతూ మధ్యలో ఆపి మంటలో కాలుస్తారు. సుత్తి దెబ్బలకు బిరుసెక్కిన లోహం అట్లా మళ్లీ మెత్తబడుతుంది. రాగి ప్యాకింగ్‌కూ అదే మర్యాద. కాల్చి వేస్తే ప్రతి గుంటలోకీ ఒదిగి కూర్చుంటుంది.

బిగించడమూ ఒక పద్ధతే. నడుమ బోల్టుతో మొదలుపెట్టి అంచులకు పోవాలి, అవ్వ దుప్పటి ముడతలు దులిపినట్టు. ఒక్కసారే పూర్తిగా బిగించకుండా రెండు మూడు చుట్లలో చేయాలి. కొత్తగా అల్లిన నులక మంచం నాలుగు రాత్రులకు కుంగితే మళ్లీ లాగి కడతాం కదా, అట్లే నాలుగైదు పూటలు నడిపి, పూర్తిగా చల్లారినాక మరోసారి పానా పెట్టాలి. అట్లని పంతం పట్టి మెడ విరిచేలా తిప్పొద్దు. ఆ పిల్లగాడు ఒక స్టడ్డును అట్లే తుంచేసిండు. దాని మొండెం లోపలే ఉండిపోతే, పీకడానికి ఒక రోజంతా పట్టింది.

రేపు పొద్దున ఇంజన్ పెట్టకముందే పానా తీసుకొని రమ్మన్నా. ఇదంతా వింటూ వంటింట్లోంచి అవ్వ అరుస్తోంది: "ఊరోళ్ల ట్రాక్టర్లు తర్వాత, ముందు నా కుక్కర్ పిడి బిగించి పో!" దాని స్క్రూ కూడా రోజూ కాగి చల్లారి వదిలిందే.

ఇప్పుడే దించింది కదా, చల్లారనీ అన్నా.