స్టీమర్ కొనేముందు...

పండుగనాడు బీరువాలోంచి తీసిన పట్టుచీరపై ఇస్త్రీపెట్టె పెట్టడానికి ఏ ఇల్లాలైనా జంకుతుంది. ఆవిరితో ముడతలు తీసే స్టీమర్ ఆ భయాన్ని తగ్గిస్తుంది. వేడిమి, తేమ కలిసి పోగుల బిగువును సడలించగా ముడతలు విడిపోతాయి. కాని గంజిపెట్టిన నూలుబట్టకు, ప్యాంటు మడతకు ఇస్త్రీపెట్టె ఒత్తిడే శరణ్యం.

కొనేముందు ఇంట్లోని సాకెట్టును చూడండి. 230 వోల్టుల వద్ద 6 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగేది 1,380 వాట్లే. అంతకు మించితే 16 ఆంపియర్ల సాకెట్టు అవసరం. కఠినజలం వాడితే సున్నం పేరుకొని ఆవిరి దారులు మూసుకుపోతాయి. పట్టుపై నీటిచుక్క మరక మిగల్చవచ్చు గనుక ముందుగా లోపలి అంచుపై పరీక్షించండి. ఆవిరి క్షణంలో చర్మాన్ని కాల్చగలదు. ఒంటిమీది దుస్తులకు పట్టరాదు.

బీరువాలో పట్టు, సింథటిక్ దుస్తులే అధికమైతే స్టీమర్ కొనండి. నూలువే అధికమైతే ఉన్న ఇస్త్రీపెట్టె చాలును.