మీకు తెలుసా? గొంతులు మార్చుకున్న బృందాలు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1989లో పుట్టిన మెటల్ బృందం డార్క్ ట్రాంక్విలిటీకి మొదటి పేరు సెప్టిక్ బ్రాయిలర్. మార్చుకుని మంచి పనే చేశారు! 1993 నాటి తొలి ఆల్బమ్ 'స్కైడాన్సర్'లో ప్రధాన గాయకుడు ఆండర్స్ ఫ్రిడెన్; మికాయెల్ స్టాన్నె అప్పటికి గిటారిస్టు. మరుసటి ఏడాది అదే ఊరి ఇన్ ఫ్లేమ్స్ తొలి ఆల్బమ్‌కు స్టాన్నె పాడిపెట్టాడు. చివరికి ఫ్రిడెన్ ఇన్ ఫ్లేమ్స్‌లో, స్టాన్నె సొంత బృందంలో గాయకులుగా స్థిరపడ్డారు. అచ్చంగా కుండమార్పిడే!

గిటార్లతో రాగాలు అల్లుతూ, పైన గాండ్రింపులాంటి గొంతుతో పాడటం డార్క్ ట్రాంక్విలిటీ తీరు. ఆ తీరుకే పేరొచ్చాక కూడా 1999లో 'ప్రొజెక్టర్'లో మామూలు గొంతుకు, పియానోకు చోటిచ్చారు. సాహసమే. 2024లో 'ఎండ్‌టైమ్ సిగ్నల్స్' తెచ్చారు. కొత్తగా వినేవారు 1995 నాటి 'ది గ్యాలరీ'తో మొదలుపెట్టండి.