జలసంధి దాటు గద్దలు

ప్రతి వసంతమున ఆఫ్రికానుండి ఐరోపాకు మరలు పక్షులను చూచుటకై ప్రకృతి ప్రియులు బృందములుగా స్పెయిన్ దక్షిణాగ్రమున గల తరీఫాకు వత్తురు. నల్లగద్దలు, తేనెగద్దలు గుంపులుగా జిబ్రాల్టర్ జలసంధిని దాటివచ్చుట అచ్చట కనబడును. ఐరోపాకు దక్షిణమున అంత పొడవైన తీరముండగా ఇవి ఇచ్చటనే ఏల గుమిగూడును?

ఎండకు నేల వేడెక్కగా దానినంటిన గాలియు వేడెక్కి, తేలికయై పైకి లేచును. ఈ పక్షులు రెక్కలు చాచి ఆ గాలిలో గుండ్రముగా తిరుగుచు పైకెక్కి, పిదప ముందునకు జారిపోవును. రెక్కలాడించు శ్రమ స్వల్పము. సముద్రము నేలవలె త్వరగా వేడెక్కదు; దానిపై గాలి అంత బలముగా పైకి లేవదు. అచ్చట రెక్కలాడించియే పోవలెను. బరువైన దేహము, వెడల్పు రెక్కలు గల పక్షికిది మిక్కిలి శ్రమ. జలసంధి అతి ఇరుకైనచోట వెడల్పు సుమారు 14 కిలోమీటర్లే. కనుకనే అవి ఈ దారి పట్టును. సదా రెక్కలాడించుచు ఎగురు చిన్నపక్షులకు ఈ నిర్బంధము లేదు.

అడ్డగాలి బలముగా వీచినచో గద్దలు దారి తప్పి సముద్రమున పడి చచ్చుటయు కలదు. అందుచే గాలి తగ్గువరకు అనేకము ఆఫ్రికా తీరముననే వేచియుండును.

మన ఊళ్లపై ఎగురు గద్దయు ఈ నల్లగద్ద జాతిదే. ప్రొద్దుటను, ఎండవేళను అది నిమిషమునకెన్ని మార్లు రెక్కలాడించునో విద్యార్థులు లెక్కించి పోల్చిచూచినచో ఈ సూత్రము కన్నులయెదుటనే బోధపడును.