బోధించబోయి నేర్చుకొన్న సేవకుడు

మెదక్ పెద్ద గుడి పేరు వినని వారు మనలో తక్కువ. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ ఆలయాన్ని కట్టించింది వెస్లియన్ మిషను. ఆ మిషనుకు పేరు వచ్చింది జాన్ వెస్లీ నుండి. ఆయన కూడా ఒకప్పుడు మిషనెరీగా సముద్రం దాటి వెళ్లాడు. వెళ్లి, ఓడిపోయి తిరిగి వచ్చాడు. ఈ సంగతి మనం అంతగా చెప్పుకోము.

1735 అక్టోబరులో ఇంగ్లండు నుండి అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కేనాటికి ఆయనకు 32 ఏళ్లు. గురువుగా అభిషేకం పొంది ఏడేళ్లయింది. ఉపవాసాలు, చెరసాలలో ఉన్నవారిని దర్శించడం, వేళ తప్పని ప్రార్థన, అన్నీ ఉన్నాయి. అక్కడి ఆదివాసులకు సువార్త చెప్పాలన్నది ఆయన ఆశ. అయితే అంతకంటే ముఖ్యంగా తన ఆత్మ రక్షింపబడాలనే వెళ్తున్నానని ఒక ఉత్తరంలో ఒప్పుకొన్నాడు.

అదే ఓడలో జర్మనీకి చెందిన మొరేవియన్ విశ్వాసులు 26 మంది ఉన్నారు. వారితో మాట్లాడాలని వెస్లీ జర్మను భాష నేర్చుకొన్నాడు. ఇంగ్లీషువారు ముట్టని నీచమైన పనులు వారు తోటి ప్రయాణికులకు చేసేవారు. డబ్బు ఇస్తే పుచ్చుకొనేవారు కారు. ఎవరైనా తోసినా, కొట్టినా మారుమాట లేదు. వెస్లీ ఇదంతా గమనిస్తూ వచ్చాడు.

1736 జనవరి 25 ఆదివారం. వారు ఆరాధన ఆరంభించి కీర్తన పాడుతుండగా సముద్రం ఓడ మీద విరుచుకుపడింది. పెద్ద తెరచాప చినిగిపోయింది. ఇంగ్లీషువారు కేకలు వేశారు. మొరేవియన్లు మాత్రం పాట ఆపలేదు. భయం వేయలేదా అని వెస్లీ తరువాత ఒకరిని అడిగాడు. లేదు, దేవునికి స్తోత్రం అన్నాడాయన. మరి ఆడవారు, పిల్లలు? వారికీ చావంటే భయం లేదట! వెస్లీకైతే ఉంది. రెండు రోజుల ముందే, చనిపోవడానికి ఇష్టపడని నాకు విశ్వాసం ఎక్కడిదని తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు.

ఒడ్డుకు చేరాక స్పాంగెన్‌బర్గ్ అనే మొరేవియన్ పెద్ద ఆయనను యేసుక్రీస్తును ఎరుగుదువా అని అడిగాడు. ఆయన లోకరక్షకుడని ఎరుగుదును అన్నాడు వెస్లీ. నిన్ను రక్షించాడని ఎరుగుదువా అన్నాడు ఆ పెద్ద. మనలో ఎవరినైనా మన పాస్టరుగారు వాకిట్లో నిలబెట్టి ఇలా అడిగితే ఎలా ఉంటుంది? వెస్లీ ఏదో జవాబు చెప్పాడు గాని, అవి వట్టి మాటలేమోనని భయపడ్డాడు.

జార్జియాలో ఆదివాసులకు బోధించే అవకాశం దాదాపు దొరకలేదు. సంఘంలో మనస్పర్థలు పెరిగాయి. ఒక స్త్రీకి ప్రభుబల్ల నిరాకరించినందుకు కోర్టు వ్యవహారం కూడా వచ్చింది. 1737 డిసెంబరులో తిరుగు ప్రయాణమయ్యాడు. ఇతరులను మార్చబోయిన తానే ఇంకా మారలేదని ఆ రోజుల్లో వ్రాసుకొన్నాడు. చాలా ఏళ్ల తరువాత ఆ మాటను ఆయనే కొంత సరిదిద్దుకొన్నాడు: అప్పటికి తనకు దాసుని విశ్వాసం ఉందట, కుమారుని విశ్వాసం లేదట.

1738 మే 24 సాయంకాలం లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి మనసు లేకుండానే వెళ్లాడు. రోమా పత్రికకు లూథరు వ్రాసిన ముందుమాటను ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు ఆయన హృదయం వెచ్చబడింది. క్రీస్తు నా పాపాలనే తీసివేశాడనే నిశ్చయత కలిగింది. వెంటనే తనను బాధపెట్టిన వారి కోసం ప్రార్థించాడు. తరువాత అక్కడున్న వారందరి ఎదుట సాక్ష్యం చెప్పాడు.