స్టార్లే కాదు, స్పేర్లూ చూడాలి

ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయిందంటే అమ్మ మొదటి ఫోను మెకానిక్‌కి చేస్తుంది, రెండోది హాస్టల్లో ఉన్న మనకి. "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, ఏ ఫ్రిజ్ కొనాలో చెప్పు నాన్నా" అంటుంది. మనది సీఎస్‌ఈనా, సివిలా అన్నది ఆవిడకి అనవసరం. మనమేమో ఓ రెండు రివ్యూలు తిరగేసి, ఆఫర్లో ఉన్న ఫైవ్ స్టార్ మోడల్ లింకు పంపేసి చేతులు దులిపేసుకుంటాం. ఆ లింకు విలువ ఇరవై, ముప్ఫై వేలు. కట్టేది నాన్న. పదేళ్ళు భరించేది అమ్మ.

ఫ్రిజ్ పోతే పోయేది పాలూ, దోసెల పిండీ మాత్రమే అయితే పెద్ద బాధ లేదు. చాలా ఇళ్ళల్లో నాన్నమ్మ ఇన్సులిన్ కూడా అందులోనే ఉంటుంది. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎండకి వేడెక్కినా కష్టమే, గడ్డకట్టినా పారేయాల్సిందే. అందుకే ఫ్రిజ్ కొనేటప్పుడు "ఎన్ని ఫీచర్లు ఉన్నాయి?" అన్నది చివరి ప్రశ్న. "ఎన్నాళ్ళు నమ్మకంగా నడుస్తుంది? పాడైతే మా ఊళ్ళో ఎంత త్వరగా బాగవుతుంది?" అన్నవి మొదటి ప్రశ్నలు.

అసలు మార్చాలా?

షాపుకి వెళ్ళే ముందు పాత ఫ్రిజ్‌కి ఏమైందో తెలుసుకోవాలి. "కూలింగ్ రావట్లేదు" అన్నది రోగం కాదు, లక్షణం మాత్రమే. తలుపు రబ్బరు వదులైనా కూలింగ్ తగ్గుతుంది. ఒక కాగితం ముక్క తలుపులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టు పోయినట్టే. థర్మోస్టాట్, రిలే, ఫ్యాను మోటారు లాంటివి పోయినా ఫ్రిజ్ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. ఇవన్నీ మార్చుకోగలిగే చిన్న భాగాలు. వీటి కోసం కొత్తది కొనక్కర్లేదు.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ గడ్డకట్టే చలిగా ఉండి, కింద అరలు మాత్రం వెచ్చగా ఉంటే డీఫ్రాస్ట్ వ్యవస్థని అనుమానించాలి. ఫ్రీజర్ వెనక ప్యానెల్ లోపల మంచు పేరుకుపోయి, కిందికి వచ్చే గాలిని ఆపేస్తుంది. ఇదీ బాగుచేయగలిగినదే.

పెద్ద రోగాలు రెండు. ఒకటి, కంప్రెసర్ పోవడం. రెండు, గోడల ఫోమ్ లోపల ఉన్న గొట్టంలో గ్యాస్ లీకవడం. ఈ రెండోదానికి గ్యాస్ ఎక్కించుకుంటూ పోవడం కన్నం పడ్డ కుండలో నీళ్ళు పోయడమే. ఫోమ్ చీల్చి లీకు అతికించడం చాలావరకు గిట్టుబాటు కాదు. ఫ్రిజ్ వయసు పదేళ్ళు దాటి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరుతుంటే మార్చడమే మంచిది. ఇది సూత్రం కాదు, పనికొచ్చే అంచనా.

తక్కువ భాగాలు, తక్కువ తలనొప్పులు

ఏ ఫ్రిజ్‌లోనైనా అసలు పని చేసేవి నాలుగే: కంప్రెసర్, కండెన్సర్, కేపిలరీ గొట్టం, ఇవాపరేటర్. సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో ఈ నాలుగింటికి ఒక థర్మోస్టాట్, ఒక బల్బు తోడైతే దాదాపు అయిపోయినట్టే. ఫ్రాస్ట్ ఫ్రీలో వీటికి తోడు ఫ్యాను, డీఫ్రాస్ట్ హీటరు, సెన్సర్లు, వాటిని నడిపే టైమరో సర్క్యూట్ బోర్డో ఉంటాయి. రిలయబిలిటీ క్లాసులో చెప్పిన సిరీస్ సిస్టమ్ గుర్తుందా? వరసలో భాగాలు పెరిగిన కొద్దీ మొత్తం నమ్మకం తగ్గుతుంది. ఒక్కో భాగం పదేళ్ళు నిలిచే అవకాశం 95 శాతం అనుకుంటే, అలాంటివి నాలుగుంటే మొత్తం నిలిచే అవకాశం 81 శాతం. ఎనిమిదుంటే 66 శాతం. ఈ 95 అన్నది లెక్క కోసం వేసుకున్న అంకె, కానీ అది చూపించే దారి నిజమే.

అలాగని డైరెక్ట్ కూలే గొప్పదని తీర్పు చెప్పేయలేం. అందులో మంచు పేరుకుంటుంది. బటన్ నొక్కి, కరిగిన నీళ్ళు పారబోసే పని ఎవరి మీద పడుతుందో మనకి తెలుసు. కూలింగ్ కూడా అన్ని అరల్లో సమానంగా ఉండదు. ఇద్దరు ముగ్గురుండే ఇంటికి, కరెంటు సరిగా లేని ఊరికి డైరెక్ట్ కూల్ బాగుంటుంది. నలుగురైదుగురు ఉండి, ఫ్రీజర్ ఎక్కువ వాడే ఇంటికి ఫ్రాస్ట్ ఫ్రీ నయం. ఏది కొన్నా ఇన్సులిన్‌ని మాత్రం ఫ్రీజర్ కిందో, వెనక గోడకి ఆనించో పెట్టొద్దని ఇంట్లో చెప్పండి. అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది.

తలుపు మీద టచ్ స్క్రీను, నీళ్ళ కుళాయి, ఐస్ తయారుచేసే యంత్రం... ఇవన్నీ ఫ్రిజ్‌ని చల్లగా ఉంచడానికి అక్కర్లేనివి, కానీ పాడవగలిగేవి. నిజంగా వాడతారనుకుంటేనే వాటికి డబ్బు పెట్టాలి.

కొత్త టెక్నాలజీ: ఒక కథ

"ఇప్పుడే లాంచ్ అయింది" అనగానే మనకి చేతులు దురద పెడతాయి. అలాంటప్పుడు అమెరికాలో జరిగిన ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 1986లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తన ఫ్రిజ్‌లలో కొత్త రోటరీ కంప్రెసర్ పెట్టింది. పాతదానికంటే తక్కువ భాగాలు, తక్కువ ఖర్చు. ల్యాబ్ పరీక్షల్లో బాగానే పాసయింది. ఇళ్ళల్లోకి వెళ్ళాక మాత్రం కథ మారింది. లోపలి పౌడర్ మెటల్ భాగాలు అనుకున్నదానికంటే త్వరగా అరిగిపోయాయి. చివరికి కంపెనీ పది లక్షలకి పైగా కంప్రెసర్లు మార్చాల్సి వచ్చింది. 1988లో దీని కోసం 45 కోట్ల డాలర్ల నష్టం లెక్కల్లో చూపించింది.

భాగాలు తక్కువైతే మంచిదని ఇప్పుడేగా చెప్పావు, మరి ఇదేంటి అంటారా? సరైన ప్రశ్నే. భాగాల సంఖ్య ఒక్కటే చాలదు, ఒక్కో భాగం ఎంతకాలం రుజువైందో కూడా చూడాలి. ల్యాబ్‌లో కొన్ని నెలల పరీక్షకీ, వంటింట్లో పదేళ్ళ వాడకానికీ చాలా తేడా ఉంది. మార్కెట్లోకి వచ్చి రెండు మూడేళ్ళయిన మోడల్ కొనడంలో నామోషీ ఏమీ లేదు. దాని లోపాలు ఈపాటికి బయటపడి ఉంటాయి, స్పేర్లు దొరుకుతుంటాయి, మెకానిక్‌కి చెయ్యి తిరిగి ఉంటుంది.

ఇన్వర్టర్ అంటే బ్యాటరీ కాదు

"ఇన్వర్టర్ ఫ్రిజ్" అంటే కరెంటు పోయినా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ కాదు. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ డ్రైవ్. మామూలు కంప్రెసర్ పూర్తి వేగంతో నడుస్తుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు తక్కువ వేగంతో నడుస్తుంది. చప్పుడు తక్కువ, కరెంటు ఆదా, మోటారు మీద ఒత్తిడీ తక్కువే. ఇబ్బందల్లా దాని బోర్డుతోనే. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసిపడితే ముందు దెబ్బతినేది అదే.

మన దగ్గర సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు ఉండాలి. అలా ఉంటుందని అందరూ ఒట్టేసి చెప్పలేరు. ప్లగ్గులో పెట్టే చిన్న వోల్ట్‌మీటరు తెచ్చి, సాయంత్రం ఏడింటికి ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి చూడండి. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని రాసిన ఫ్రిజ్ మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు అన్నది కూడా రాసి ఉంటుంది. మీ ఇంటి రీడింగులు ఆ హద్దు దాటుతుంటే స్టెబిలైజర్ కావాల్సిందే.

మామూలు కంప్రెసర్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. కరెంటు పోయి వెంటనే వస్తే, గొట్టాల్లో రెండు వైపులా ఒత్తిడి ఇంకా సమానమై ఉండదు. ఆ ఒత్తిడికి ఎదురుగా మోటారు తిరగలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది. మూడు నిమిషాలు ఆగి ఆన్ చేసే టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ దీనికి మంచి మందు.

వంటిల్లు కూడా ఫ్రిజ్‌లో భాగమే

కార్నో సూత్రం పరీక్షలో రాసి మర్చిపోవడానికి కాదు. ఇవాపరేటర్ మైనస్ 20 డిగ్రీల దగ్గర, కండెన్సర్ 45 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. కెల్విన్లలో 253, 318. ఆదర్శ సీఓపీ 253ని 65తో భాగిస్తే 3.9 వస్తుంది. అదే ఫ్రిజ్‌ని గోడకి అతికించి, పక్కన గ్యాస్ స్టవ్ పెట్టి, కండెన్సర్‌ని 60 డిగ్రీలకి తీసుకెళ్తే? 253ని 80తో భాగించాలి, 3.2 కూడా రాదు. దాదాపు 19 శాతం పడిపోయింది. అసలు ఫ్రిజ్ అంకెలు వేరుగా ఉంటాయి గానీ దెబ్బ తగిలే వైపు ఇదే. కంప్రెసర్ ఎక్కువసేపు నడుస్తుంది, త్వరగా అరుగుతుంది.

ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి కండెన్సర్ గొట్టాలు పక్క గోడల లోపలే ఉంటాయి. పక్కలు వెచ్చగా తగిలితే కంగారు పడక్కర్లేదు. కానీ ఆ వేడి పోవడానికి దారి ఉండాలి. అందుకే కొనే ముందు టేపుతో స్థలం కొలవండి. ఫ్రిజ్ కొలతలే కాదు, మాన్యువల్ అడిగిన ఖాళీ కూడా కలపండి. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, వీధి గుమ్మంలోంచి పడుతుందా అన్నదీ చూడండి.

వెనకున్న రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ అని ఒకటి ఉంటుంది. "ఎన్" అంటే గది ఉష్ణోగ్రత 32 డిగ్రీల వరకు, "ఎస్‌టీ" అంటే 38 వరకు, "టీ" అంటే 43 వరకు తట్టుకునేలా చేసినదని అర్థం. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్ళకి ఏది కావాలో విడిగా చెప్పక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఎండకంటే ఉప్పుగాలి శత్రువు. అక్కడ ఫ్రిజ్ కింది భాగానికి, వెనక గొట్టాలకి పెయింటు ఎలా ఉందో వంగి చూడాలి.

స్టార్ల లెక్క

బీఈఈ లేబుల్ మీద స్టార్ల కంటే ముఖ్యమైనది వాటితో పాటు ఉండే అంకె: ఏడాదికి ఎన్ని యూనిట్లు. స్టార్లు ఫ్రిజ్ రకాన్ని, సైజుని బట్టి ఇస్తారు. పెద్ద ఫోర్ స్టార్ ఫ్రిజ్ చిన్న టూ స్టార్ కంటే ఎక్కువ కరెంటు తాగొచ్చు. పైగా ప్రమాణాలు కొన్నేళ్ళకోసారి కఠినం చేస్తారు కాబట్టి లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడాలి.

ఒక లెక్క వేద్దాం. ఒకటి ఏడాదికి 180 యూనిట్లు, ఇంకోటి 240. తేడా 60 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఏడాదికి 360 రూపాయలు. మొదటిదాని ధర 5,000 ఎక్కువైతే ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు 14 ఏళ్ళు. మధ్యలో ఒక్కసారి బోర్డు పోయినా ఆదా అంతా దానికే సరి. మీ ఇంటి స్లాబ్ రేటుతో ఇదే లెక్క వేసి చూడండి.

గ్యాస్, వారంటీ, మెకానిక్

పాతకాలం ఫ్రిజ్‌లలో ఆర్-12 ఉండేది. ఓజోన్ పొరకి చేటని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా పోయింది. తర్వాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-600ఎ అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసుకి దగ్గరి చుట్టం. ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే, కాబట్టి మామూలు వాడకంలో భయం లేదు. కానీ మండే గ్యాస్ కాబట్టి రిపేరు చేసేవాడికి దాని పద్ధతి తెలిసి ఉండాలి.

ఇక తలుపు మీద పెద్ద అక్షరాల్లో ఉండే "10 ఏళ్ళ వారంటీ". అది సాధారణంగా కంప్రెసర్‌కి మాత్రమే. మొత్తం ఫ్రిజ్‌కి చాలావరకు ఒక్క ఏడాదే. రెండో ఏడు కంప్రెసర్ పోతే కంప్రెసర్ ఉచితంగా రావొచ్చు, గ్యాసుకీ కూలీకీ డబ్బు అడగొచ్చు. కాబట్టి షాపులో మూడు ప్రశ్నలు అడగండి. బోర్డుకి వారంటీ ఎన్నేళ్ళు, అది పోతే ధరెంత? గ్యాసు, లేబరు వారంటీలో ఉన్నాయా? సర్వీస్ సెంటర్ మా ఊళ్ళో ఉందా, జిల్లా కేంద్రంలోనా? జవాబులు నోటిమాటగా కాకుండా వారంటీ కార్డులో చూపించమనండి. బిల్లు ఫోటో తీసి దాచండి. తర్వాత పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అన్నిటికంటే మంచి రివ్యూ మాత్రం ఆన్‌లైన్‌లో దొరకదు. అది మీ ఊరి ఫ్రిజ్ మెకానిక్ దగ్గర ఉంటుంది. "అన్నా, నీ దగ్గరికి ఏ బండి ఎక్కువగా వస్తోంది? దేనికి స్పేర్లు తొందరగా దొరుకుతున్నాయి?" అని అడగండి. ఆన్‌లైన్ రివ్యూ రాసినవాళ్ళలో చాలామంది ఫ్రిజ్ వాడింది వారం రోజులు. ఆయన విప్పి చూసేవి ఏడో ఏట, ఎనిమిదో ఏట పాడైనవి. మనకి కావాల్సింది ఆ ఏడో ఏటి కబురే.